తల దెబ్బకి పెట్ స్కాన్: ఫోన్లో నన్నడిగే అపోహలు, అసలు సంగతులు

న్యూక్లియర్ మెడిసిన్‌లో పనిచేస్తాను. బండి మీంచి పడినవాళ్ల ఇంట్లోవాళ్లు ఫోన్ చేసి, "సీటీలో ఏం లేదన్నారు సార్, కానీ మావాడు మునుపటిలా లేడు, రంగుల్లో వచ్చే స్కాన్ ఏదో ఉందట కదా" అంటుంటారు. ఉంది, అదే పెట్ స్కాన్. చక్కెరలాంటి రేడియోధార్మిక మందు ఇంజెక్షన్ ఇచ్చి, మెదడులో ఎక్కడ ఎంత చక్కెర ఖర్చవుతోందో రంగుల్లో చూస్తాం.

అపోహ: సీటీ నార్మల్ వస్తే మెదడుకి ఏమీ కానట్టే.
సీటీ చూసేది ఆకారాన్ని. నెత్తురు గూడుకట్టిందా, పుర్రె చిట్లిందా అన్నది నిమిషాల్లో చెప్పేస్తుంది. కానీ మెదడు గట్టిగా అదిరి, కణాలు చక్కెరని వాడుకునే తీరు మారితే అది సీటీకి అందదు. కంకషన్ (దెబ్బకి మెదడు అదిరి పనితీరు చెదరడం) అయినవాళ్లలో చాలామందికి సీటీ నార్మల్‌గానే ఉంటుంది.

అపోహ: అయితే మొదటిరోజే పెట్ తీయించేస్తే పోలా?
వద్దు. పెట్‌కి కనీసం నాలుగు గంటలు ఏమీ తినకూడదు, షుగర్ చూడాలి, ఇంజెక్షన్ ఇచ్చాక మసక వెలుతురు గదిలో అరగంటకి పైగా కదలకుండా పడుకోవాలి. లోపల నెత్తురు కారుతున్న మనిషికి అంత టైమ్ ఉండదు. వాంతులు ఆగకపోయినా, మగతగా ఉన్నా, తలనొప్పి పెరుగుతున్నా, ఒకవైపు చెయ్యీ కాలూ పట్టు తప్పినా నాకు ఫోన్ చేయకండి, క్యాజువాలిటీకి పరుగెత్తండి.

అపోహ: దెబ్బ తిన్న భాగం స్కాన్‌లో ఎప్పుడూ చల్లగా, నీలంగా (అంటే చక్కెర తక్కువ వాడుతున్నట్టు) కనిపిస్తుంది.
కిటుకంతా ఇక్కడే ఉంది. దెబ్బ తగలగానే కణాల్లోని పొటాషియం బయటికి, కాల్షియం లోపలికి పోతాయి. వాన నీళ్లు సెల్లార్‌లోకి వస్తుంటే మోటారు ఆపకుండా తోడినట్టు, కణం తన పంపులన్నీ నడిపి ఆ లెక్క సరిచేసుకోవాలి, దానికి చక్కెర కావాలి, సరిగ్గా అప్పుడే రక్తప్రసరణ తగ్గుతుంది. 1997లో లాస్ ఏంజెలెస్‌లోని యూసీఎల్ఏ విశ్వవిద్యాలయ వైద్యులు తీవ్రంగా దెబ్బ తిన్నవాళ్లకి పెట్ తీస్తే, మొదటి వారంలో చాలామందికి ఆక్సిజన్ వాడకంతో పోలిస్తే చక్కెర వాడకం ఎక్కువగా కనిపించింది. తర్వాత అదే మెదడు నీరసించి, వారాల తరబడి తక్కువ వాడుతుంది. అంటే ఒకే చోటు మొదట వేడిగా, తర్వాత చల్లగా కనిపించవచ్చు, మధ్యలో తీస్తే మామూలుగానే కనిపించి మనల్ని బోల్తా కొట్టించవచ్చు. ఎప్పుడు పడ్డారో తేదీతో సహా నేను అడిగేది అందుకే.

అపోహ: రేడియేషన్ నెలల తరబడి ఒంట్లో ఉండిపోతుంది.
లేదు. ఇందులో వాడే రేడియోధార్మిక పదార్థం ఫ్లోరిన్-18 ప్రతి 110 నిమిషాలకీ సగం అవుతుంది, మర్నాటికి దాదాపు ఏమీ మిగలదు. గర్భిణులైతే మాత్రం ముందే చెప్పాలి.

అపోహ: రంగు తగ్గిందంటే దెబ్బ ఉన్నట్టే, యాక్సిడెంట్ కేసుకి అదే రుజువు.
డిప్రెషన్‌లోనూ తగ్గుతుంది, నిద్రమాత్రలకీ తగ్గుతుంది, షుగర్ ఎక్కువున్నా బొమ్మ పాడవుతుంది. ఒకసారి ఓ కుర్రాడు ఇంజెక్షన్ అయ్యాక దుప్పటి కింద ఫోన్ పెట్టుకుని రీల్స్ చూశాడు, మాకు తెలీదు, స్కాన్‌లో చూపుకి సంబంధించిన వెనకభాగం భగ్గుమని వెలిగి, దానితో పోలిస్తే ముందుభాగం వెలవెలబోయింది! మరోరోజు ఫోన్ లాక్కుని మళ్లీ తీశాం, ముందుభాగం బాగానే ఉంది. వాళ్ల నాన్నగారు మాత్రం మొదటి రిపోర్టే కావాలన్నారు, కేసు నడుస్తోందట. ఇవ్వలేదు.