నరాలు కనపడే గుడ్డు

మా ఊరు పలమనేరు దగ్గర. వేసవి సెలవుల్లో అవ్వ కోడిని పొదగేసేది. గంపలో వరిగడ్డి పరిచి, పదో పన్నెండో గుడ్లు పెట్టి, పైన కోడిని కూర్చోబెట్టేది. వారం దాటాక చీకట్లో ఒక్కో గుడ్డునీ టార్చిలైటు మీద ఆనించి చూసేది. లోపల ఎర్రటి దారాలు సాలెగూడులా అల్లుకుని కనిపిస్తే, "ఒరే నాయనా, నరాలు కనపడతాండాయి చూడు. ఇది పిల్లయ్యే గుడ్డే" అనేది. ఏమీ కనపడని గుడ్డును పక్కన పెట్టేసేది. ఇరవై ఒకటో రోజుకు గంపంతా కిచకిచలు.

అవ్వ చూపించినవి నిజానికి రక్తనాళాలు. మన వాడుకలో రక్తం పారేదీ నరమే, మెడ పట్టేసినప్పుడు లాగేదీ నరమే, మెదడుకు కబురు మోసేదీ నరమే. తిరుపతిలో గోడల మీద 'నరాల బలహీనతకు' అన్న మందుల ప్రకటన చూసినప్పుడల్లా, ఏ నరం సంగతి చెప్తున్నారో అనుకుంటాను. పుస్తకాల్లో నాడి అంటారు గానీ, డాక్టరు చెయ్యి పట్టుకుని చూసేదీ నాడే! ఇక్కడ మాత్రం నాడి అంటే కబురు మోసేదే. అది టార్చిలైటుకు కనపడదు. పొదిగిన గుడ్లలోనే ఆ నాడుల కథ వెతికి నోబెల్ దాకా వెళ్లినావిడ రీటా లెవి-మొంటాల్చిని.

ఇటలీలోని టూరిన్‌లో 1909లో పుట్టారు. ఆడపిల్లకు పెద్ద చదువులెందుకన్న తండ్రిని ఒప్పించి మెడిసిన్‌లో చేరారు, 1936లో పట్టా తీసుకున్నారు. గురువు జుసెప్పే లెవి. అప్పట్లో ఆయన దగ్గరే చదువుకున్న సాల్వడోర్ లూరియా, రెనాటో డుల్బెకోలకు కూడా తర్వాత నోబెల్ వచ్చింది. ఒక్క మాస్టారి దగ్గర ముగ్గురు!

1938లో ముస్సోలినీ ప్రభుత్వం యూదులపై చట్టాలు తెచ్చింది. యూదురాలైన ఆమెకు యూనివర్సిటీలో చోటు పోయింది. పడకగదిలోనే ల్యాబ్ పెట్టారు. కుట్టుసూదుల్ని అరగదీసి కత్తులు చేసుకున్నారు. అదే చట్టాల వల్ల ఉద్యోగం పోయిన గురువుగారు వచ్చి శిష్యురాలికి సహాయకుడయ్యారు. బాంబులు మీద పడుతుంటే కుటుంబం పల్లెకు మారింది, ల్యాబూ వెంట వెళ్లింది. అక్కడ గుడ్ల కోసం రైతుల ఇళ్లు తిరిగేవారు. పుంజుతో కలిసి తిరిగే కోళ్ల గుడ్లే కావాలి మరి. మన అంగట్లో అట్టల్లో అమ్మే ఫారం గుడ్డును ఎన్నాళ్లు పొదగేసినా పిల్ల రాదు, ఆ కోడి పుంజు మొహమే చూసి ఉండదు. పిల్లలకు బలమని చెప్పి ఆవిడ అడిగి తెచ్చుకునేవారట. పిండాన్ని తీసేశాక మిగిలిన గుడ్డు వంటింటికి చేరేది. కరువు రోజులు. సంగతి తెలిశాక వాళ్లన్నయ్య ఆ ఆమ్లెట్ ముట్టలేదు.

ఇంతకీ ఏం చూసేవారు? మూడు రోజుల పిండంలో కాలు మొలవబోయే చోట చిన్న మొగ్గ ఉంటుంది. దాన్ని తీసేస్తే, ఆ కాలికి వెళ్లాల్సిన నాడీకణాలు వెన్ను దగ్గర చాలా తగ్గిపోతాయి. రెక్క మొగ్గను తీసేసి చూసి, ఇలాంటి సంగతే విక్టర్ హాంబర్గర్ అనే పిండశాస్త్రవేత్త 1934లోనే రాశారు. రెక్క లేదు కాబట్టి నాడీకణాలు తయారవమన్న కబురు అందలేదు, అందుకే తయారే కాలేదు అని ఆయన అనుకున్నారు. రీటా అలా ఒక్కసారి చూసి ఊరుకోలేదు. ఒక రోజు పిండం, ఆ మర్నాటి పిండం, ఆ పై రోజుది, ఇలా వరుసగా పలచగా కోసి, వెండి లవణాలతో రంగెక్కించి చూశారు. కణాలు పుట్టాయి, కాలు ఉండాల్సిన వైపు బయల్దేరాయి కూడా. అక్కడికి చేరాక ఆదుకునేదేమీ లేక చచ్చిపోయాయి. పుట్టకపోవడం వేరు, పుట్టి తిండి లేక పోవడం వేరు. నన్నడిగితే ఆమె అసలు గొప్పతనం ఇక్కడే ఉంది, నోబెల్ తెచ్చిన పదార్థం ఆ తర్వాతి మాట. కాళ్లు సరిగ్గా ఉన్న కోడిపిల్లలో కూడా వెన్నుపాములో పుట్టిన కదలిక నాడీకణాల్లో దాదాపు సగం ఇలాగే పోతాయని తర్వాత తేలింది.

యుద్ధం ముగిశాక హాంబర్గర్ ఆమెను అమెరికాలోని సెయింట్ లూయిస్‌కు పిలిచారు. 1947లో కొన్ని నెలలకని వెళ్లి, ముప్పై ఏళ్లు ఉండిపోయారు. ఎలుకల్లో వచ్చే ఒక రకం కణితిని పిండానికి అతికిస్తే నాడులు అడ్డూఅదుపూ లేకుండా పెరగడం చూశారు. ఏదో పదార్థం ఊరుతోందన్నమాట. కణితులున్న ఎలుకల్ని విమానంలో వెంటబెట్టుకుని 1952లో బ్రెజిల్ వెళ్లి, అక్కడి ల్యాబ్‌లో గాజుపలక మీద పిండం నాడీకణాల ముద్దనూ కణితి ముక్కనూ పక్కపక్కన పెంచారు. ముద్ద చుట్టూ నాడీపోగులు సూర్యుడి చుట్టూ కిరణాల్లా విచ్చుకున్నాయి.

ఆ పదార్థమేమిటో తేల్చే పని స్టాన్లీ కోహెన్ అనే జీవరసాయన శాస్త్రవేత్త తీసుకున్నారు. అది ప్రొటీనా, డీఎన్‌ఏ లాంటి న్యూక్లియిక్ ఆమ్లమా? న్యూక్లియిక్ ఆమ్లాన్ని విరగ్గొట్టే ఎంజైమ్ పాము విషంలో ఉంటుంది. అది కలిపితే కిరణాలు మాయమైతే ఒక జవాబు, నిలిస్తే ఇంకో జవాబు. కలిపారు. కిరణాలు పోలేదు సరికదా, ముందుకంటే దట్టంగా వచ్చాయి! కణితి లేకుండా ఒట్టి విషం వేసినా అంతే. శేషుడి పేరు మోసే కొండ కింద కాపురముండే మాకు, వానాకాలం వీధిలో పాము కనబడితే ఎంత టెన్షనో చెప్పనక్కర్లేదు. దాని విషంలో నాడులకు తిండి ఉందంటే నమ్మడం కష్టమే. విషపు సంచి నిజానికి మారిపోయిన లాలాజల గ్రంథి. అలాగైతే ఎలుక లాలాజల గ్రంథిలో ఎందుకు ఉండకూడదని వెతికితే, మగ ఎలుకల్లో పుష్కలంగా దొరికింది. నాడీ వృద్ధి కారకం అని దానికి పేరు. 1986లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. రీటా 2012 డిసెంబరులో, 103 ఏళ్ల వయసులో, రోమ్‌లో కన్నుమూశారు.

గోడ మీద ప్రకటన చూసి ఇది మంచి టానిక్కేమో అనుకోవద్దు. ఇది ప్రొటీన్ అని తేలింది కనుక, తాగితే కడుపులోనే అరిగిపోతుంది. పైగా ఇది అన్ని నాడులకూ తిండి కాదు, కొన్నిటికే. వాటిలో నొప్పిని మోసేవీ ఉన్నాయి. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు సూదితో ఎక్కించి చూస్తే కండరాల నొప్పులు పట్టుకున్నాయి. కంట్లో మాత్రం పనికొచ్చింది. నల్లగుడ్డు మీది పొరలో నాడులు దెబ్బతిని పుండు మానని వాళ్లకు చుక్కల మందుగా వాడేందుకు అమెరికాలో 2018లో అనుమతి వచ్చింది. దాన్నిప్పుడు పాము నుంచో ఎలుక నుంచో తీయరు, బ్యాక్టీరియా చేత తయారు చేయిస్తారు.