కోనసీమ చర్చి గంట: దించిందెప్పుడు, ఎక్కించనిదెందుకు?

మా ఊరి చర్చి గోపురం మీదకు పాత గంట ఎక్కాలా వద్దా అనే గొడవ మళ్ళీ రాజుకుంది. తెల్లవారుజామున ఐదింటికి మోగే మైకు మీద ఎవరో ఫిర్యాదు చేశారు. పోలీసులు వచ్చి ఆపించారు. ఆ మర్నాడే కమిటీ వాళ్ళు, గంట కూడా అదే శబ్ద కాలుష్యం రూల్ కిందకు వస్తుంది కాబట్టి ఇక ఎక్కించేది లేదని తేల్చేశారు. గంటేమో వరండాలో రెండు కొబ్బరి దుంగల మీద బోర్లించి ఉంది. ఎక్కడా బీట లేదు. పిడికిలితో తట్టినా పలుకుతుంది.

1836లో బౌడెన్, బీర్ దొరలు ఈ దేశానికి రావడం, నరసాపురం, పాలకొల్లు వైపు మిషన్ పని మొదలవడం, ఆ తర్వాత కాటన్ ఆనకట్ట, కాలువలు... ఇవన్నీ డెల్టాలో అందరికీ తెలిసినవే. ఈ గొడవకు వాటితో పనిలేదు. పని ఉన్నది 1996 నవంబరు 6 రాత్రితో. దానికి ముందు, గంట పేటలో ఏం చేసేదో కాస్త చెప్పుకోవాలి.

గడియారం లేని ఇళ్ళవి. ఆదివారం మొదటి గంటకు పిల్లలకు నీళ్ళు పోసేవాళ్ళు. రెండో గంటకు బయల్దేరాలి. మూడో గంటకు పాట ఎత్తుకునేవారు. చావు గంట వేరు. అప్పుడు గంటను ఊపరు. నాలుకకు సన్నతాడు కట్టి, ఒక పక్కకే లాగి ఒక్క దెబ్బ కొడతారు. ఆ మోత గాలిలో పూర్తిగా కరిగిపోయేదాకా ఆగి ఇంకో దెబ్బ. కాలువ అవతల నాట్లు వేస్తున్న ఆడవాళ్ళు నడుం ఎత్తి, "ఎవరో పోయారర్రా" అనుకునేవాళ్ళు. పేటలో చావు కబురు ఊరందరికీ ఒకేసారి చేరేది ఆ గంట వల్లే. మా పెద్దవాళ్ళకు దాని మీద ఉన్న మమకారం ఇందుకే.

గంట కొట్టే తాతను మేమంతా గంట తాత అనే పిలిచేవాళ్ళం. నైలాన్ తాడు చేతులు కోస్తుందని కొబ్బరి పీచు తాడే వాడేవాడు. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర వరద 35 లక్షల క్యూసెక్కులు దాటిన రాత్రి, ఊళ్ళో కరెంటు లేదు. తాత ఆగకుండా గంట కొడుతూనే ఉన్నాడు. లంక వైపు ఇళ్ళవాళ్ళు పిల్లల్నీ గొడ్లనీ తోలుకుని ఆ మోత వినబడిన వైపుకే గట్టెక్కారు. మా అమ్మ ఇప్పటికీ చెబుతుంది, చీకట్లో దారి కనబడలేదు, గంటను బట్టి నడిచామని.

ఇక 1996. ఆ తుఫానుకు కోనసీమ కొబ్బరితోటలు నేలమట్టమయ్యాయి. మా చర్చిలో గంట వేలాడే చెక్క దూలం చీలిపోయింది. పడిపోతుందన్న భయంతో నలుగురూ కలిసి గంటను కిందకు దించారు. దూలం మార్చి మళ్ళీ ఎక్కిద్దామన్నారు. కానీ ఇళ్ళకు కప్పులే లేని రోజులు. దూలానికి డబ్బెక్కడిది? కరెంటు వచ్చాక ఎవరో రెండు హారన్లు, ఒక ఆంప్లిఫయర్ కానుకగా ఇచ్చారు. అప్పటికి తాత్కాలికమనే అన్నారు. నా లెక్కలో ఇవాళ్టి గొడవంతా ఆ ఒక్క మాట దగ్గరే మొదలైంది. ఆ తాత్కాలికం ఇప్పటిదాకా సాగింది. పాత గోపురం పోయి సిమెంటు గోపురం లేచింది. దాని మీద నాలుగు హారన్లకు చోటు పెట్టారు గానీ గంటకు కొక్కెం పెట్టలేదు.

కమిటీ వాదన కూడా చెప్పాలి. గంట బరువును గోపురం మోయగలదో లేదో ఇంజనీరును అడగాలి, రోజూ కొట్టే మనిషి కావాలి, రికార్డు చేసిన గంట శబ్దం పెన్‌డ్రైవ్‌లో ఉంది కదా అంటారు. మొదటి మాట న్యాయమైనదే.

రూల్ సంగతికి వస్తే, శబ్ద కాలుష్య నియమాలు 2000లో వచ్చాయి. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బయట లౌడ్‌స్పీకర్ వాడకూడదు. 2010 సవరణతో శబ్దం చేసే ఇతర పరికరాలు కూడా ఇందులో చేరాయి కాబట్టి ఐదింటికి గంట కొట్టడం కూడా కుదరదు. కానీ పగలు కొట్టకూడదని ఎక్కడా లేదు. నివాస ప్రాంతాల్లో పగటికి 55 డెసిబెల్స్ పరిమితి ఉంది. ఆదివారం రెండు నిమిషాల గంటా, పొద్దున్నే గంటసేపు అరిచే నాలుగు హారన్లూ ఆ లెక్కలో ఒకటి కావు. పైగా ప్రజలు ఆపదలో ఉన్నప్పుడు రాత్రి నిషేధానికి ఆ నియమంలోనే మినహాయింపు ఉంది. 1986లో తాత కొట్టింది అలాంటి గంటే. మద్రాసు చర్చి ఒకదాని కేసులో 2000 ఆగస్టులోనే సుప్రీంకోర్టు, మైకు పెట్టి ప్రార్థించాలని ఏ మతమూ చెప్పదని స్పష్టంగా అంది. ఆ తీర్పుకు కారణమైనవి మైకులు, డప్పులే. ఇక్కడా ఫిర్యాదు వచ్చింది మైకు మీదే. శిక్ష మాత్రం గంటకు వేస్తున్నారు.

వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక మీటింగ్ ఉంది. గంట తాత మనవడు అమలాపురం నుంచి కొత్త పీచు తాడు తెచ్చి, చుట్ట చుట్టి, వరండాలో గంట పక్కన పెట్టాడు.