టచ్‌డౌన్‌కి గుర్రం పరుగు: ఈ ఆచారం ఎలా వచ్చింది, ఎందుకు ఆగాలి

ఆగస్టు చివర మొదలై చలికాలం దాకా, శనివారం వచ్చిందంటే అమెరికాలో చాలా యూనివర్సిటీ ఊళ్లు కాలేజీ ఫుట్‌బాల్ మ్యాచ్ మీదే బతుకుతాయి. మనం ఫుట్‌బాల్ అనుకునే ఆట కాదిది. కోలగా ఉండే బంతిని చేత్తో పట్టుకుని పరుగెత్తే ఆట. ఆ బంతిని అవతలివాళ్ల చివరి గీత దాటిస్తే టచ్‌డౌన్, అంటే పాయింట్లు. స్టేడియంలో అరవై వేలు, ఎనభై వేలు, కొన్నిచోట్ల లక్షకు పైగా జనం. బ్యాండు, బాణసంచా, మైకులు. కొన్ని యూనివర్సిటీల్లో ఈ హోరు మధ్యకి ఒక గుర్రాన్ని తీసుకొచ్చి పరుగెత్తిస్తారు. దీన్ని ఆపేయాలన్న మాట చాలాకాలంగా వినిపిస్తోంది. ఆ మాట అనేవాళ్లలో నేనూ ఉన్నాను. గుర్రాల మీద ప్రేమ లేక కాదు, ప్రేమ ఉండబట్టే.

“మా సంప్రదాయం” అని గట్టిగా చెప్పేవాళ్ల మాట వింటే ఇదేదో శతాబ్దాల నాటిదనిపిస్తుంది. తేదీలు చూస్తే అలా లేదు. డల్లాస్‌లోని సదరన్ మెథడిస్ట్ యూనివర్సిటీ ‘పెరూనా’ అనే నల్లటి పొట్టి గుర్రాన్ని మస్కట్‌గా, అంటే జట్టు గుర్తుగా, పెట్టుకున్నది 1932లో. ఆ రోజుల్లో అమ్ముడుపోయిన ఒక టానిక్కు పేరే దానికి పెట్టారు. మొదటి పెరూనా 1934లో కారు గుద్ది చనిపోయింది. దాని తర్వాత అదే పేరుతో ఒకదాని వెనక ఒకటి వస్తూనే ఉన్నాయి. మిగతావన్నీ ఇంకా ఈమధ్యవే. టెక్సస్ టెక్‌లో 1954, లాస్ ఏంజిలిస్‌లోని సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీలో 1961, ఓక్లహోమాలో 1964, ఫ్లోరిడా స్టేట్‌లో 1978. టీవీ ఇళ్లలోకి వచ్చాక, మ్యాచ్ అనేది చూడటానికి ఒక షో అయ్యాక పుట్టినవి ఇవి. మన తాతల కాలం కూడా కాదు, నాన్నల కాలం.

టెక్సస్ టెక్ కథ కొంచెం వివరంగా చెప్పుకోవాలి. అది ఉన్న లబ్బక్ అంటే పశ్చిమ టెక్సస్, పశువులు పెంచే పెద్ద క్షేత్రాల ప్రాంతం. ఎంఎస్ చదవడానికి వెళ్లిన మన పిల్లలు చాలామందికి తెలిసిన ఊరే. అక్కడ 1936లోనే ఒక విద్యార్థి సరదాకి గుర్రం ఎక్కి, జట్టు ముందు మైదానంలోకి వచ్చి, ఎవరికీ దొరక్కుండా వెళ్లిపోయాడు. అందుకే అప్పట్లో ‘దెయ్యపు రౌతు’ అన్నారు. అసలు ఆచారం మాత్రం 1954 జనవరి 1న, ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్‌లో జరిగిన గేటర్ బౌల్ మ్యాచ్‌తో మొదలైంది. జో కర్క్ ఫుల్టన్ అనే విద్యార్థి ముసుగు, ఎర్ర కేప్ వేసుకుని బ్లాకీ అనే నల్ల గుర్రం మీద జట్టుకు ముందు దూసుకొచ్చాడు. ఆబర్న్ మీద టెక్ 35-13తో గెలిచింది. కోచ్ డివిట్ వీవర్‌కు తట్టిన ఆలోచన ఇది. అప్పటికి ఆ కాలేజీ సౌత్‌వెస్ట్ కాన్ఫరెన్సు అనే పెద్ద కాలేజీల జట్ల కూటమిలో చోటు కోసం పోరాడుతోంది. దేశం దృష్టిలో పడాలి, పడింది. 1956లో సభ్యత్వం కూడా వచ్చింది. గుర్రం వల్లే వచ్చిందని నేననను. కానీ ఆ గుర్రం మైదానంలోకి వచ్చింది అలాంటి ఆశల మధ్య.

1974లో మొదటిసారి ఒక అమ్మాయి ఆ ముసుగు వేసుకుంది. తర్వాత ఎందరో అమ్మాయిలు రౌతులయ్యారు. అక్కడ గుర్రం ఎక్కేవాళ్లు గుర్రాలతో పెరిగినవాళ్లు. పోటీ పడి, పరీక్షలు నెగ్గి ఆ చోటు సంపాదించుకుంటారు, ఏడాదంతా ఆ గుర్రాన్ని కనిపెట్టుకుని ఉంటారు. వాళ్ల శ్రద్ధని నేను తప్పుపట్టను. ఈ ఆచారాన్ని ఆపమనేవాళ్లు కొందరు వాళ్లని క్రూరుల్లా చూపిస్తారు, అది అన్యాయం.

శ్రద్ధ ఉన్నచోటే 1994 సెప్టెంబరు 3 కూడా వచ్చింది. న్యూ మెక్సికోతో మ్యాచ్. ‘డబుల్ టి’ అనే గుర్రం మైదానంలో పరుగెడుతుండగా జీను పట్టు తప్పి రౌతు కింద పడింది. గుర్రం ఆగలేదు. మీద మనిషి లేదు, చుట్టూ వేల గొంతులు. బయటికి పోయే దారి వైపు మళ్లబోయి జారి, గోడకు గుద్దుకుని అక్కడికక్కడే చనిపోయింది. జనం అంతా చూస్తుండగానే. ఆచారం అక్కడితో ఆగుతుందని ఎవరైనా అనుకుంటారు. ఇంకో గుర్రం వచ్చింది. 2001లో ‘బ్లాక్ ఫాంటమ్ రెయిడర్’ అనే గుర్రం ప్రయాణంలో ట్రెయిలర్ ప్రమాదానికి గురైతే ప్రాణం తీయాల్సి వచ్చింది. మళ్లీ ఇంకో గుర్రం.

ఓక్లహోమాలో సంగతి వేరు. అక్కడ గుర్రం మీద రౌతు ఉండడు. పైన గుడ్డ కప్పిన పాతకాలపు బండిని చిన్నగా చేయించి, బూమర్, సూనర్ అనే రెండు తెల్ల పొట్టి గుర్రాలతో లాగిస్తారు. 1985 ఆరెంజ్ బౌల్ మ్యాచ్‌లో ఫీల్డ్ గోల్ (బంతిని తన్ని స్తంభాల మధ్య నుంచి పంపడం) పడగానే బండి మైదానంలోకి వచ్చేసింది. ఆ గోల్ పెనాల్టీ వల్ల రద్దయిందని బండి తోలేవాళ్లు గమనించలేదు. దానికి జట్టు మీద ఇంకో 15 గజాల పెనాల్టీ పడింది, మళ్లీ తన్నిన బంతిని అవతలివాళ్లు అడ్డుకున్నారు. చివరికి వాషింగ్టన్ 28-17తో గెలిచింది. ఈ ముచ్చట ఇప్పటికీ నవ్వుకుంటూ చెప్పుకుంటారు. 2019 అక్టోబరు 19న వెస్ట్ వర్జీనియాతో మ్యాచ్‌లో టచ్‌డౌన్ తర్వాత అదే బండి మలుపు దగ్గర బోల్తా పడి విరిగింది, మీదున్న విద్యార్థులు గడ్డిలో పడ్డారు. మనుషులకి, గుర్రాలకి పెద్ద దెబ్బలు తగల్లేదు. బండిలో బరువు ఒకవైపు ఎక్కువైందని యూనివర్సిటీ చెప్పింది. కొత్త బండి చేయించారు. తప్పంతా బరువుదీ బండిదీ అయిపోయింది. ఆ రెండు గుర్రాలని అక్కడికి తీసుకురావడమెందుకని ఆ వివరణలో లేదు.

గుర్రం స్వభావం తెలిసినవాళ్లకి ఇందులో ఆశ్చర్యం ఉండదు. వేటాడే జంతువు కాదు అది, వేటకి దొరికే జంతువు. భయం వేస్తే పారిపోవడమే దానికున్న రక్షణ. తల తిప్పకుండానే దాదాపు చుట్టూ చూస్తుంది, కాబట్టి స్టేడియంలో ఊగే ప్రతి జెండా దాని కంట్లో పడుతుంది. మనిషి చెవికి 20 వేల హెర్ట్జ్ దాటితే వినపడదు, గుర్రానికి 33 వేల దాకా వినపడుతుంది. స్పీకర్లు పెట్టి, బ్యాండు ప్రాక్టీసుకి తీసుకెళ్లి నెలల తరబడి అలవాటు చేస్తారు. అలవాటైన గుర్రం బెదరదని కాదు, తక్కువసార్లు బెదురుతుంది. మిగిలిన ఆ ఒక్కసారికే 1994లో గోడ ఎదురైంది.

హోరు ఎంత ఉంటుందో చెప్పడానికి కాన్సస్ సిటీ మంచి ఉదాహరణ. అక్కడి చీఫ్స్ కాలేజీ జట్టు కాదు, ప్రొఫెషనల్ జట్టు. 2014 సెప్టెంబరు 29న అక్కడి యారోహెడ్ స్టేడియంలో ప్రేక్షకుల అరుపు 142.2 డెసిబెల్స్ దాకా వెళ్లి గిన్నెస్ రికార్డు అయింది. ‘వార్‌పెయింట్’ అనే గుర్రాన్ని ఆ జట్టు మైదానంలో పరుగెత్తిస్తున్న ఏళ్లవి. వార్‌పెయింట్ 1963లో మొదలైంది. అప్పట్లో రౌతు రెడ్ ఇండియన్ నాయకుడి ఈకల తలపాగా పెట్టుకుని వచ్చేవాడు. 1989లో ఆపి, తోడేలు వేషం వేసిన మనిషిని పెట్టారు. 2009లో గుర్రాన్ని మళ్లీ తెచ్చి, ఈసారి చీర్‌లీడర్‌ని ఎక్కించారు. 2021 జులైలో పూర్తిగా మానేశారు.

ఎందుకు మానేశారు? ఆదివాసీ తెగల వేషాలు, చిహ్నాల మీద ఏళ్లుగా సాగిన పోరాటం వల్ల. 2020లోనే స్టేడియంలో ఈకల తలపాగాలు నిషేధించారు, ఆ వరుసలోనే గుర్రమూ పోయింది. మనుషుల గౌరవం కోసం జరిగిన మంచి పని అది. అయినా గొడ్డలి విసిరినట్టు చెయ్యి ఊపుతూ అరిచే ఆచారాన్ని మాత్రం వదల్లేదు. కాలేజీల్లోనూ చర్చ ఇదే దారిలో నడిచింది. కాలేజీ క్రీడల సంఘం ఎన్‌సీఏఏ 2005లో ఆదివాసీలను కించపరిచే పేర్లు, మస్కట్‌ల మీద ఆంక్షలు పెట్టింది. ఫ్లోరిడా స్టేట్‌లో ఒక విద్యార్థి ఓసియోలా వేషంలో రెనగేడ్ అనే గుర్రం మీద వచ్చి, మండే బల్లెం మైదానం మధ్య నాటుతాడు. ఓసియోలా నిజంగా బతికిన మనిషి. సెమినోల్ అనే ఆదివాసీ తెగ తరఫున అమెరికా సైన్యంతో పోరాడాడు, 1837లో సంధి జెండా కింద మాట్లాడటానికి వస్తే పట్టుకున్నారు, 1838 జనవరిలో ఖైదులోనే చనిపోయాడు. ఫ్లోరిడాలోని సెమినోల్ తెగ ఒప్పుకుంది కాబట్టి ఎన్‌సీఏఏ మినహాయింపు ఇచ్చింది. తెగ ఒప్పుకున్నాక బయటివాళ్లం కాదనలేం. కానీ రెనగేడ్ అపలూసా జాతి గుర్రం. ఆ జాతిని పెంచింది వాయవ్యాన ఉండే నెజ్ పెర్స్ తెగవాళ్లు, ఫ్లోరిడాతో దానికి సంబంధం లేదు. చరిత్రని గౌరవిస్తున్నామని చెప్పేవాళ్లు ఆ ఊసెత్తరు.

సదరన్ కాలిఫోర్నియాలోనూ అంతే. వాళ్ల తెల్లగుర్రం పేరు ట్రావెలర్. 2017లో, జనరల్ లీ విగ్రహం తొలగింపుకు వ్యతిరేకంగా తెల్లజాతి దురహంకారులు షార్లట్స్‌విల్‌లో చేసిన హింసాత్మక ప్రదర్శన తర్వాత, అది బానిసత్వం పక్షాన పోరాడిన ఆ లీ గుర్రం పేరు కదా అని విద్యార్థులు అడిగారు. ఆ పేరుకీ దీనికీ సంబంధం లేదని, స్పెల్లింగే వేరని జవాబొచ్చింది. వాదనంతా పేరు గురించే నడిచింది. పాయింట్లు వచ్చిన ప్రతిసారీ మైదానం పక్కన పరుగెత్తే గుర్రం ఎలా ఉందో ఎవరూ అడగలేదు.

ఇన్నేళ్ల చరిత్రలో నన్ను బాధపెట్టేది ఇదే. రౌతు వేషం గురించి మాట్లాడారు, పేరు గురించి మాట్లాడారు, జీను గురించి, బండి బరువు గురించి మాట్లాడారు. గుర్రం మాత్రం ఎప్పుడూ చర్చకి బయటే ఉండిపోయింది.

జంతువు మాట విన్న ఉదాహరణ ఒకటుంది, అది పులి విషయంలో. లూయిసియానా స్టేట్ యూనివర్సిటీ మస్కట్ మైక్ అనే నిజమైన పులి. దాన్ని బోను బండిలో స్టేడియంలోకి తెచ్చి తిప్పడం వాళ్ల ఆచారంగా ఉండేది. ఆరో మైక్ 2015 సీజనులో బండి ఎక్కడానికి ఇష్టపడలేదు. బలవంతం చేయలేదు, ఆ ఏడాది మ్యాచ్‌లకి పులి లేదు. 2016లో ఆ పులి చనిపోయాక, ఏడో మైక్‌ని అసలు మైదానంలోకే తీసుకురామని యూనివర్సిటీ చెప్పేసింది. క్యాంపస్‌లో చెట్లు, నీళ్లు ఉన్న పెద్ద ఆవరణలో ఉంటుంది. చూడాలనుకున్నవాళ్లు వెళ్లి చూస్తారు. స్టేడియం నిండకుండా ఏమీ పోలేదు. గుర్రాలకీ ఇదే చేయొచ్చు. క్యాంపస్‌లో ఉండనివ్వండి, పిల్లలు వచ్చి మెడ నిమరనివ్వండి, మ్యాచ్ హోరులోకి మాత్రం తీసుకురావద్దు. ముసుగు వేసుకున్న రౌతు జట్టు ముందు నడిచి వచ్చినా జనం లేచి నిలబడతారు.

చట్టం ఈ పని చేయిస్తుందని ఎదురుచూడటానికి లేదు. అమెరికా జంతు సంక్షేమ చట్టం 1966 నాటిది. ప్రదర్శనలో ఉంచే పులికి అది వర్తిస్తుంది. ఆ చట్టంలో జంతువు అనే నిర్వచనం నుంచి, పరిశోధనలకు వాడే గుర్రాలను తప్ప మిగతా గుర్రాలన్నిటినీ తప్పించారు. ఎన్‌సీఏఏ 2005లో పెట్టిన ఆంక్షలు కూడా మనుషులని కించపరచడం గురించే. కాబట్టి లబ్బక్‌లో అయినా, ఓక్లహోమాలో అయినా, లాస్ ఏంజిలిస్‌లో అయినా ఈ నిర్ణయం యూనివర్సిటీ పాలకవర్గాల చేతుల్లోనే ఉంది. వాళ్లని అడగాల్సింది ఆ కాలేజీల్లో చదివేవాళ్లు, చదివి బయటికొచ్చినవాళ్లు, టికెట్టు కొని లోపల కూర్చునేవాళ్లు. అందులో ఇప్పుడు మనవాళ్లూ తక్కువేం లేరు.