మూలన రెండు ఎర్రక్షరాలు

చిన్నారులకు,

మొన్న సెలవులకి వచ్చినప్పుడు మీరిద్దరూ నన్ను నిలదీశారు, గుర్తుందా? "ఒక్క బల్లగుడ్డకి ఏడాదిన్నరా అమ్మమ్మా?" అంది చిన్నది. "షాపులో బోలెడు దారాలు ఉంటే మొక్కల వేళ్ళు ఉడకబెట్టి రంగు తీయడం ఎందుకు?" అన్నాడు పెద్దాడు. అప్పుడు నా నోట్లో సూది ఉంది, జవాబు చెప్పలేకపోయాను. (సూది నోట్లో పెట్టుకోవడం చెడ్డ అలవాటు. నాది ఇక పోదు, మీరు మాత్రం నేర్చుకోకండి.)

నేను కుడుతున్నది 16వ శతాబ్దంలో ఇటలీలో కుట్టిన తరహా గుడ్డ. తెల్లటి నార బట్ట (లినెన్), అంచున ఎర్రపట్టుతో ఒక పట్టీ. చిత్రమేమిటంటే అందులో పక్షిని కుట్టరు. పక్షి చుట్టూ ఉన్న ఖాళీనంతా ఎర్రగా నింపేస్తారు, మిగిలిపోయిన తెల్లగుడ్డే పక్షి అవుతుంది. ముందు గీత వేసుకోవాలి. ఒక కుట్టు పైన, ఒక కుట్టు కింద వేసుకుంటూ చివరిదాకా పోయి, అదే దారిలో వెనక్కి వస్తూ ఖాళీలు పూడుస్తాం. అప్పుడు గుడ్డకి రెండు వైపులా ఒకేలాంటి గీత వస్తుంది. దీన్ని ఇప్పుడు హోల్బైన్ కుట్టు అంటారు. హాన్స్ హోల్బైన్ అనే చిత్రకారుడు తను గీసిన మనుషుల కాలర్ల మీద, చేతి అంచుల మీద ఈ కుట్టుని లెక్కపెట్టుకోవచ్చు అన్నంత శ్రద్ధగా గీశాడు. ఆయన 1543లో పోయాడు. కుట్టినవాళ్ళ పేర్లు పోయాయి, గీసినవాడి పేరు కుట్టుకి మిగిలింది. ఈ విషయంలో నాకు కాస్త కోపం ఉంది, దాని సంగతి ఇంకోసారి చెబుతాను.

మొదటిసారి నేను ఘోరంగా దెబ్బతిన్నాను. గళ్ళ కాగితం మీద బొద్దుగా, ముద్దుగా రెండు పావురాలు గీసుకున్నాను. మగ్గం మీద నేసిన నార బట్ట తెచ్చి, ఒక గడికి రెండు పోగుల లెక్కన మొదలుపెట్టాను. నెల తిరిగాక దూరంగా జరిగి చూస్తే పావురాలు కొంగలయ్యాయి! నిటారుగా, సన్నగా, మెడలు సాగిపోయి ఉన్నాయి. తప్పెక్కడ జరిగిందో తెలియక భూతద్దం పెట్టి పోగులు లెక్కపెట్టాను. పడుగు, అంటే నిలువు దారాలు, సెంటీమీటరుకి 18 పోగులుంది, పేక, అంటే అడ్డ దారాలు, 15 మాత్రమే ఉంది. అంటే అడ్డంగా 90 పోగులు లెక్కపెడితే 5 సెంటీమీటర్లు, నిలువుగా అదే 90 పోగులు లెక్కపెడితే 6 సెంటీమీటర్లు. నా కాగితం మీది చతురస్రం గుడ్డ మీద చతురస్రం కాలేదు.

ఇప్పుడు కుట్టుపని కోసం ప్రత్యేకంగా నేసే బట్టలో పడుగు, పేక సరిసమానంగా ఉంటాయి. పాతకాలపు నేతగాడికి ఆ పట్టింపు లేదు. అందుకే పాత గుడ్డల్లో ఒకే నమూనా ఒక అంచున పొట్టిగా, మూల తిరిగాక రెండో అంచున పొడుగ్గా కనిపిస్తుంది. నేను ఇన్నాళ్ళూ దాన్ని కుట్టినవాళ్ళ అజాగ్రత్త అనుకున్నాను. సరిసమానమైన బట్ట కొని ఉంటే ఈ జన్మకి నాకా సంగతి తెలిసేది కాదు. ఒరేయ్ పెద్దాడా, నీ ప్రశ్నకి జవాబు ఇక్కడే మొదలవుతుంది. (కొంగల గుడ్డ పారేయలేదు. బీరువా అడుగున ఉంది.)

ఇక నార సంగతి. లినెన్ అంటే అవిసె మొక్క కాడలోని నార. విత్తిన దాదాపు వంద రోజులకి మొక్కని కొయ్యరు, వేళ్ళతో సహా పీకుతారు. కోస్తే నార పొడవు తగ్గిపోతుంది. తరవాత నీళ్ళలో నానబెట్టో, పచ్చిక మీద పరిచి రాత్రి మంచుకి తడవనిచ్చో, జిగురు కుళ్ళాక ఎండబెట్టి, కాడ విరగ్గొట్టి, ఇనప పళ్ళ దువ్వెనల్లో దువ్వుతారు. పొడుగు నార మంచి దారానికి, పొట్టి తుక్కు గోనెలకి, తాళ్ళకి. వేళ్ళు తడుపుకుంటూ వడికితే దారం నున్నగా వస్తుంది. కానీ పుట్టినప్పుడు దాని రంగు బూడిద, గోధుమ కలిసిన రంగు. తెలుపు ఊరికే రాలేదు. హాలండ్‌లోని హార్లెమ్ ఊరి చుట్టూ దీనికోసమే మైదానాలు ఉండేవి. బట్టని బూడిద తేటలో, పుల్లమజ్జిగలో మార్చి మార్చి ముంచి, గడ్డి మీద పరిచి ఎండకి వదిలేసేవాళ్ళు. నెలలు పట్టేది. యాకొబ్ వాన్ రూయిస్‌డాల్ అనే చిత్రకారుడు 17వ శతాబ్దంలో ఆ ఊరిని గీసినప్పుడు ముందు భాగంలో నేల మీద పొడుగ్గా తెల్లటి పట్టీలు గీశాడు. అవి ఎండేసిన నార బట్టలే! 1799లో చార్లెస్ టెనాంట్ బ్లీచింగ్ పౌడర్‌కి పేటెంట్ తీసుకున్నాక ఆ నెలలు రోజుల్లోకి వచ్చాయి.

బల్లగుడ్డ మీద పులుసు ఒలుకుతుంది, ద్రాక్షసారా ఒలుకుతుంది. ఆ రోజుల్లో దాన్ని బూడిద తేటతో ఉడికించి ఉతికేవారు. నారకి దానివల్ల పెద్దగా ఏమీ కాదు. పట్టు మాత్రం క్షారానికి తట్టుకోలేదు, చాలా రంగులూ నిలవవు. అందుకే రోజూ ఉతికే గుడ్డ మీద తెల్లనారతో తెల్లగానే కుట్టుకునేవాళ్ళు. "తెలుపు మీద తెలుపు ఎందుకు, కనపడదు కదా" అని చిన్నది అడిగింది చూడు, దానికి చాకిరేవే సమాధానం. ఎర్రపట్టు గుడ్డ పండగలకీ పబ్బాలకీ బయటికి తీసేది.

ఎరుపు రెండు దారుల్లో వచ్చేది. ఒకటి మంజిష్ఠ జాతి మొక్క వేరు. రెండోది పురుగు. అవును, పురుగే! మెక్సికోని స్పెయిన్ 1521లో గెలిచాక అక్కడి నాగజెముడు మీద బతికే కొచినీల్ పురుగు ఎండి, మూటలు కట్టుకుని యూరప్‌కి వచ్చింది. నేను వేరుతోనే సరిపెట్టుకున్నాను. పట్టుని ముందు పటిక నీళ్ళలో నానబెట్టి, తరవాత వేరు రసంలో వేసి, సన్నని సెగ మీద ఉంచాలి. మరగనిచ్చామా, ఎరుపులోకి గోధుమరంగు దిగుతుంది. నేను థర్మామీటర్ పెట్టి 70 డిగ్రీలు దాటనివ్వలేదు. మీరు చూసిన "వేళ్ళు ఉడకబెట్టడం" అదే, నిజానికి ఉడకబెట్టలేదు.

నలుపు సంగతి ఇంకా విచిత్రం. మాచికాయ (ఓక్ చెట్టు మీద పురుగు గుడ్లు పెట్టినచోట లేచే కాయ) వగరులో అన్నభేది కలిపితే నల్లరంగు వస్తుంది. అన్నభేదిలో ఇనుము ఉంటుంది. ఆ ఇనుమే ఏళ్ళ తరబడి పట్టుదారాన్ని లోపలినుంచి తినేస్తుంది. నాలుగు వందల ఏళ్ళ నాటి నల్లకుట్టు గుడ్డల్లో కొన్నిచోట్ల దారం పొడై రాలిపోయింది, సూది గుచ్చిన రంధ్రాలు మాత్రం వరసగా నిలబడి ఉన్నాయి. ఆ రంధ్రాలు లెక్కపెట్టి పోయిన నమూనాని మళ్ళీ గీయొచ్చు. పాతపద్ధతి అని నేను ఎంత పట్టుబట్టినా ఈ నలుపు జోలికి మాత్రం పోను. తనని తానే తినేసే దారంతో ఏడాదిన్నర కూర్చోమంటే నావల్ల కాదు.

అలాగే కొత్తగుడ్డని టీ నీళ్ళలో ముంచి పాతగా చూపించడం కూడా నాకు గిట్టదు. ఆ గుడ్డ కుట్టిన రోజున అది కొత్తదే కదా.

షాపు దారం ఎందుకు కూడదంటే, తళతళ మెరిసే ఆ నూలు 19వ శతాబ్దం చివర్లో వచ్చింది. జాన్ మెర్సర్ నూలుని సోడా క్షారంలో ముంచే పద్ధతికి 1850లో పేటెంట్ తీసుకున్నాడు. 1890లో హోరేస్ లో అనే ఆయన దారాన్ని బిగలాగి పట్టి ముంచాక గానీ మెరుపు రాలేదు. 16వ శతాబ్దపు పావురం పక్కన ఆ దారం పెడితే కోటలో రాజుగారు చేతిగడియారం పెట్టుకున్నట్టు ఉంటుంది. నారదారంతో కుట్టాలంటే ఓపిక కావాలి. మోచేతి పొడవు కంటే ఎక్కువ తీసుకుంటే గుడ్డలో రాసుకుని పీచు లేస్తుంది. ముందు తేనెమైనం ముద్ద మీద లాగాలి.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనవి మూలన ఉండే చిన్న ఎర్రక్షరాలు. ఇంట్లో డజన్ల కొద్దీ నాప్‌కిన్లు ఉంటే చాకిరేవులో ఎవరివి ఎవరివో కలిసిపోతాయి. అందుకే క్రాస్ స్టిచ్‌తో ఇంటివాళ్ళ పొడి అక్షరాలు, జతలో ఎన్నోదో ఆ అంకె కుట్టేవాళ్ళు. ఉడికినా చెదరని టర్కీ ఎరుపు నూలు యూరప్‌కి 18వ శతాబ్దంలో అబ్బింది, ఆ తరవాత ఈ గుర్తులకి అది బాగా కుదిరింది. ఆడపిల్లలు నమూనా గుడ్డల మీద అక్షరమాల కుట్టి నేర్చుకోవడం చాలావరకు ఈ పని కోసమే. పాతవాటిలో జె, యు అక్షరాలు తరచూ ఉండవు. పిల్లలు మరిచిపోయారనుకునేరు! అప్పట్లో ఐ, వి అక్షరాలే వాటి పని కూడా చేసేవి. లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో జేన్ బోస్టాక్ 1598లో పేరు, ఏడాది వేసి కుట్టిన నమూనా గుడ్డ ఉంది.

నేనూ మూలన ఏడాది కుట్టేశాను. రేపు ఎవరైనా నా గుడ్డని 16వ శతాబ్దపుది అని అమ్ముకోకుండా. దాని పక్కన 14 పోగుల వెడల్పు ఖాళీ వదిలాను, రెండు అక్షరాలు పడతాయి. చెరొకటి మీరే కుట్టాలి. ఎర్రదారం మైనం రాసి పెట్టాను, సూది మొద్దు మొనది, గుచ్చుకోదు. వచ్చేటప్పుడు గోళ్ళు కత్తిరించుకుని రండి, పట్టుకి తగులుకుంటాయి.

మీ అమ్మమ్మ