సీహెచ్‌మోడ్ 777 పెడితే సమస్య తీరిపోతుందా? అపోహలు - వాస్తవాలు

సర్వర్ మీద "పర్మిషన్ డినైడ్" అని కనబడగానే ఎవరో ఒకరు "777 పెట్టెయ్, అయిపోతుంది" అంటారు. సీహెచ్‌మోడ్ అంటే లినక్స్‌లో ఫైళ్ల, ఫోల్డర్ల పర్మిషన్లు మార్చే కమాండ్; 777 అంటే ఓనర్‌కి, గ్రూప్‌కి, మిగతా అందరికీ చదవడం, రాయడం, నడపడం మూడూ ఇచ్చేయడం. ఈ సలహా వినీ వినీ విసుగొచ్చింది. చాలాసార్లు దానివల్ల పని జరగదు, పైగా నష్టం జరుగుతుంది.

ఈమధ్య మా టీమ్‌లో కొత్తగా చేరిన అమ్మాయి రాత్రిపూట ఫోన్ చేసి, "అన్నా, అన్నిటికీ 777 పెట్టేశాను, అయినా 403 (అనుమతి లేదనే ఎర్రర్) వస్తోంది, పొద్దున్నే డెమో ఉంది" అంది. పాపం, ఏడుపొక్కటే తక్కువ. చూస్తే సైట్ మొత్తం /హోమ్/ఉబుంటు లోపల ఉంది. ఉబుంటు 21.04 నుంచి కొత్త యూజర్ హోమ్ ఫోల్డర్ 750తో (ఓనర్‌కి, గ్రూప్‌కి తప్ప బయటివాళ్లకు ప్రవేశం లేకుండా) తయారవుతుంది, వెబ్ సర్వర్ ఎంజిన్‌ఎక్స్ ఏమో వేరే యూజర్‌గా నడుస్తుంది, కాబట్టి ఆ ఫోల్డర్ దాటి లోపలికి పోలేదు. వీధి గేటుకు తాళం వేసి ఉంటే లోపలి గదుల తలుపులు బార్లా తెరిచి ఏం లాభం? నేమ్ఐ -ఎల్ అనే కమాండ్ కొట్టి ఫైల్ పూర్తి పాత్ ఇవ్వమన్నాను. అది అన్నిటికన్నా పై ఫోల్డర్ (రూట్, అంటే /) నుంచి ఒక్కో ఫోల్డర్ ఓనర్, గ్రూప్, పర్మిషన్లు వరసగా చూపిస్తుంది. ఉబుంటు అన్న వరసలో చివర మూడు గీతలు, అంటే బయటివాళ్లకు ఏమీ లేదు. సైట్‌ని /వార్ కిందికి మార్చి, ఫోల్డర్లకు 755, ఫైళ్లకు 644 (రెండిట్లోనూ రాయడం ఓనర్‌కే, చదవడం అందరికీ) ఇవ్వగానే పేజీ తెరుచుకుంది.

డేటాబేస్ పాస్‌వర్డ్ ఉన్న కాన్ఫిగ్ ఫైల్‌కి 777 ఉంటే ఆ సర్వర్‌లో ఏ యూజరైనా, హ్యాకైన ఏ ప్లగిన్ అయినా దాన్ని చదవగలదు, మార్చగలదు. ఇక మీ హోమ్ ఫోల్డర్‌కే 777 పెట్టారనుకోండి, దూరం నుంచి లాగిన్ అవనిచ్చే ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్ మామూలు సెట్టింగ్స్‌లో మీ లాగిన్ కీని ఒప్పుకోదు. అప్పటికే లాగౌట్ అయ్యుంటే బయటే ఉండిపోతారు.

రీడ్-ఓన్లీ ఫైల్‌ని ఎవరూ డిలీట్ చేయలేరన్నదీ తప్పే. డిలీట్ అనేది ఆ ఫైల్ ఉన్న ఫోల్డర్ మీది రైట్ పర్మిషన్‌తో జరుగుతుంది. సుడోతో (అడ్మిన్ అధికారంతో) నడిపితే గొడవ ఉండదంటారు, కానీ అలా పుట్టిన ఫైళ్లు రూట్ అనే అడ్మిన్ యూజర్‌వి అవుతాయి, రేపు మీ యాప్ వాటిలో రాయలేక ఆగిపోతుంది. అప్పుడు కావాల్సింది ఫైల్ ఓనర్‌ని మార్చే సీహెచ్‌ఓన్ కమాండ్, 777 కాదు.

ఇప్పటికే రూట్ ఫోల్డర్ (/) మీద -ఆర్ 777 (లోపలున్నవాటన్నిటికీ 777) కొట్టేసి, సుడో కూడా పనిచేయక టెన్షన్ పడుతున్నవాళ్లకి ఒక మాట: మీ డేటా ఎక్కడికీ పోలేదు. తెరిచి ఉన్న సెషన్ మాత్రం మూయకండి. పర్మిషన్లు ఒక్కొక్కటిగా చేత్తో సరిచేయాలని రాత్రంతా కూర్చోవద్దు, డేటా కాపీ చేసుకుని స్నాప్‌షాట్ (ముందే తీసిపెట్టిన సర్వర్ కాపీ) నుంచి రీస్టోర్ చేయండి, అది లేకపోతే కొత్త సర్వర్ ఎక్కించుకోండి.