మంచాన పడ్డవారి ఖర్చు బీమాలో ఎందుకు లేదు?

ముసలితనంలో మంచాన పడితే ఖర్చుకు పొదుపు మేలా, బీమా మేలా అని అడుగుతుంటారు. ప్రకాశం జిల్లా వైపు ఈ ప్రశ్న కొత్తది కాదు. 1937లోనే వైద్య పరిశోధకుడు హెచ్.ఇ.షార్ట్ బృందం నాటి నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్ గురించి పరిశోధన ప్రచురించింది. ఆ జిల్లాలో భాగంగా ఉండి 1970లో ప్రకాశంలో చేరిన కనిగిరి, పొదిలి ప్రాంతాలను ఈ పీడ ఇంకా వదలలేదు. బోరునీటి ఫ్లోరైడ్ ఏళ్ల తరబడి ఒంట్లో చేరితే వెన్ను, కీళ్లు బిగుసుకుపోతాయి. ముదిరాక నయం చేసే మందు లేదు. పక్కన మనిషి కావాలి, అదీ ఏళ్లపాటు.

ఆ మనిషి చాలాకాలం కోడలో కూతురో అయ్యేది. ఆమె చాకిరీకి ఎవరూ లెక్క కట్టలేదు కాబట్టే అదొక ఖర్చని ఎవరికీ తోచలేదు. పొలం, బంగారం, చీటీపాట ఉంటే ముసలితనానికి భరోసా ఉన్నట్టే. పిల్లలు హైదరాబాద్‌కు, అమెరికాకు వెళ్లాక జీతమిచ్చి మనిషిని పెట్టుకోవలసి వచ్చింది.

బీమా మాత్రం వేరే దారిలో పెరిగింది. 1956లో ఏర్పడిన ఎల్ఐసీ పాలసీల డబ్బు ప్రధానంగా మరణానికో గడువుకో వచ్చేది. 1986లో వచ్చిన ఆరోగ్య బీమా పాలసీ మెడిక్లెయిమ్ డబ్బు ఆసుపత్రిలో చేరితేనే. 2007 నాటి ఆరోగ్యశ్రీ, 2018 నాటి ఆయుష్మాన్ భారత్ పేదలకు చేసిన మేలు తక్కువది కాదు, కానీ వాటికీ చికిత్సే కొలమానం. 2019లో బీమా నియంత్రణ సంస్థ ఆరోగ్య పాలసీల మినహాయింపులకు, అంటే పాలసీ డబ్బు రాని ఖర్చులకు, ఒకే భాష నిర్దేశించింది. స్నానం చేయించడం, బట్టలు తొడగడం, నడిపించడం వంటి సేవలు ఆ మినహాయింపుల్లో ఉన్నాయి. మంచాన పడ్డవారికి రోజూ కావలసినవి సరిగ్గా అవే! జర్మనీ 1995లో, జపాన్ 2000లో వీటికోసమే తప్పనిసరి బీమా తెచ్చాయి.

అందుకే పొదుపా, బీమానా అని ఇక్కడ తేల్చమనడం అన్యాయమని నా అభిప్రాయం. పక్షవాతం వస్తే ఆసుపత్రి బిల్లుకు పాలసీ కావాలి, లేకుంటే దాచిందంతా అక్కడే కరిగిపోతుంది. ఇంటికొచ్చాక నెలనెలా ఇచ్చే జీతానికి పొదుపే దిక్కు. 2004లో మొదలైన సీనియర్ సిటిజన్ పొదుపు పథకం మూడు నెలలకోసారి వడ్డీ ఇస్తుంది. 2023లో దాని పరిమితి 30 లక్షల రూపాయలకు పెరిగింది. ఉద్యోగ విరమణ సొమ్ము ఉన్నవారికి అది సరిపోతుంది. పొగాకు వేలం నెలల్లోనే డబ్బు చూసి, దాంతో అప్పులు తీర్చే కొండపి రైతుకు అంత నిల్వ ఎక్కడిది?

పక్షవాతం వంటి కారణాలతో పూర్తిగా మంచానికే పరిమితమైనవారికి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2024 నుంచి నెలకు 15,000 రూపాయల పింఛను ఇస్తోంది. ఆసుపత్రితో పని లేకుండా, మంచంలో ఉన్న స్థితికే అందే సొమ్ము ఇది. కేవలం వయసు మీదపడి లేవలేకపోయినవారికి వచ్చేది వృద్ధాప్య పింఛను 4,000. మనిషిని పెట్టుకోవడానికి అది చాలదు.