అశోకుడి తొమ్మిది పుస్తకాలు: మన కొండల మీదకి ఎక్కిన కథ

కళింగ యుద్ధం చూసి మనసు విరిగిపోయిన అశోకుడు లోకాన్ని నాశనం చేసే విద్యలన్నీ తొమ్మిది పుస్తకాల్లో రాయించి తొమ్మిది మంది పండితుల చేతిలో పెట్టాడని, వాళ్ళ శిష్యులు, ఆ శిష్యుల శిష్యులు ఇప్పటికీ ఎవరికీ తెలీకుండా వాటిని కాపాడుతున్నారని ఒక కథ ఉంది కదా. యూట్యూబ్‌లో ఏళ్ళ తరబడి తిరుగుతూనే ఉంది, 2025లో వచ్చిన ఒక పెద్ద తెలుగు సినిమాకి కూడా ఇదే ఆధారం. కథగా వినడానికి బానే ఉంటుంది. కానీ సిక్కోలు (శ్రీకాకుళం), విజయనగరం వైపు వచ్చేసరికి ఇది కథ దగ్గర ఆగట్లేదు, ఎందుకంటే ఆ కళింగ మనదే, బౌద్ధుల కొండలూ మన దగ్గరే ఉన్నాయి, శాలిహుండం ఉంది, రామతీర్థం ఉంది, ఎక్కడ పాత ఇటుక బయటపడినా "కింద ఏదో దాచారట" అనే మాట మొదలైపోతుంది. అందుకే ఈ కథ ఎక్కడ పుట్టింది, మన దాకా ఎలా వచ్చింది అనేది కాస్త వివరంగా చెప్పుకోవాలి.

ఇది పురాణాల్లో లేదు, బౌద్ధ గ్రంథాల్లో లేదు, అశోకుడి శాసనాల్లో అసలే లేదు. టాల్బోట్ మండీ అనే ఆయన, అసలు పేరు విలియం గ్రిబ్బన్, లండన్‌లో పుట్టి అమెరికా వెళ్ళి సాహస కథలు రాసుకుని బతికినవాడు, 1923లో అక్కడి ఒక మ్యాగజైన్‌లో 'తొమ్మిది మంది అజ్ఞాతులు' అనే అర్థం వచ్చే పేరుతో నవల వేశాడు. తర్వాత 1960లో పావెల్స్, బెర్జియే అనే ఇద్దరు ఫ్రెంచ్ రచయితలు తమ పుస్తకంలో దాన్ని నిజంగా జరిగిన చరిత్రలాగ రాసేశారు. ఒక పుస్తకంలో ముట్టుకుంటే ప్రాణం పోయే విద్య, ఇంకోదాంట్లో లోహాన్ని బంగారం చేసే విద్య, మరోదాంట్లో గురుత్వాకర్షణ రహస్యం, ఇలా తొమ్మిదింటికీ తొమ్మిది సబ్జెక్టులు పంచింది ఆ పుస్తకమే. జూడో కూడా ఆ ముట్టుకుంటే చంపే విద్య లీకై పుట్టిందే అని రాశారు. ఇవాళ మనవాళ్ళు "మన పూర్వీకుల విజ్ఞానం" అని షేర్ చేసుకునే లిస్టు ఇదే. నాకు బాధ కలిగించేది ఇక్కడే, మన గడ్డ మీద మన పూర్వీకులు నిజంగా వదిలివెళ్ళింది కళ్ళెదురుగా ఉంటే, బయటోళ్ళు ఊహించి రాసినదాన్ని మన వారసత్వం అనుకుంటున్నాం.

అసలు అశోకుడు ఏం చేశాడో చూడండి. క్రీ.పూ. 261 ప్రాంతంలో యుద్ధం అయ్యాక కళింగలో రెండు చోట్ల రాళ్ళ మీద శాసనాలు చెక్కించాడు, ఒకటి భువనేశ్వర్ దగ్గర ధౌలి, రెండోది బరంపురం అవతల రుషికుల్య ఒడ్డున జౌగడ. మన ఇచ్ఛాపురం నుంచి జౌగడ పెద్ద దూరమేం కాదు. సంస్కృతంలో కాకుండా మామూలు జనానికి అర్థమయ్యే ప్రాకృతంలో రాయించాడు, తిష్య (అంటే పుష్యమి) నక్షత్రం వచ్చే రోజుల్లో జనానికి చదివి వినిపించమన్నాడు, మధ్యలో కూడా, వినడానికి ఒక్క మనిషే ఉన్నా సరే చదవమని అందులోనే ఉంది. ఒక్కడి కోసం కూడా గట్టిగా చదవమన్న రాజు విద్యల్ని తొమ్మిది మంది దగ్గర తాళం వేసి పెట్టాడంటే నాకైతే నమ్మబుద్ధి కాదు.

ఆయన మన దగ్గర దాచిందేమైనా ఉందంటే ఒకటి ఉంది. ఆయన దేశంలో చాలాచోట్ల బండల మీద చెక్కించిన శాసనాల వరసలో పదమూడోదాంట్లో, కళింగలో లక్షమంది చచ్చిపోయారని, లక్షా యాభై వేలమందిని తరలించుకుపోయారని, దానికి తాను కుమిలిపోతున్నానని చెప్పుకున్నాడు. ఆ శాసనం మన కర్నూలు వైపు ఎర్రగుడిలో ఉంది, గుజరాత్‌లో గిర్నార్‌లో ఉంది, ఎక్కడో పెషావర్ దగ్గర షాబాజ్‌గఢీలో కూడా ఉంది, కానీ దెబ్బతిన్న కళింగలోనే లేదు! ధౌలి, జౌగడల్లో దాన్ని వదిలేసి దాని బదులు అధికారులకి వేరే ఆదేశాలు చెక్కించారు, ప్రజలు నా బిడ్డల్లాంటివాళ్ళు, అన్యాయంగా జైల్లో పెట్టొద్దు, హింసించొద్దు అని. ఓడిపోయిన జనం కళ్ళముందు ఆ లెక్క పెట్టకూడదనుకుని ఉంటారని చరిత్రకారులు అంటారు. రహస్యం కావాలంటే ఇంతకన్నా ఏం కావాలండి, ఆలోచించేకొద్దీ మనసు పట్టేస్తుంది.

తర్వాత ఆ రాతల్ని ఎవరూ కాపలా కాయలేదు, ఎవరూ ఎత్తుకుపోలేదు, మనమే ఆ లిపి చదవడం మర్చిపోయాం. 1837లో జేమ్స్ ప్రిన్సెప్ అనే ఇంగ్లీషు పండితుడు ఆ బ్రాహ్మీ అక్షరాలు విడదీసి చదివేదాకా వందల ఏళ్ళు ఆ బండలు అలాగే ఎండకి ఎండి వానకి తడిశాయి.

అయితే మన ప్రాంతంలో గుప్తవిద్య అనేదే లేదా అంటే ఉంది. గార మండలంలో వంశధార దక్షిణపు ఒడ్డున ఉన్న శాలిహుండం క్రీ.పూ. రెండో శతాబ్దం నుంచి దాదాపు క్రీ.శ. పన్నెండో శతాబ్దం దాకా నడిచిన బౌద్ధ క్షేత్రం, స్తూపాలు, చైత్యాలు, విహారాలు, అన్నీ కొండవాలు మీద మెట్లుమెట్లుగా ఉంటాయి. చివరి రోజుల్లో వజ్రయానం, అంటే మంత్రతంత్రాల బౌద్ధం, వచ్చింది, తార, మారీచి అనే దేవతల విగ్రహాలు అక్కడ దొరికాయి. మారీచి రూపం చిత్రంగా ఉంటుంది, మూడు ముఖాలు, అందులో ఒకటి పంది ముఖం, చేతుల్లో విల్లు బాణాలతో పాటు సూదీ దారం కూడా ఉంటాయి, దుష్టుల నోళ్ళూ కళ్ళూ కుట్టేయడానికట, రథాన్ని లాగేవి ఏడు పందులు. ఈ రూపాన్ని ఎలా ధ్యానించాలి, ఏ మంత్రం, ఏ మండలం (ధ్యానానికి గీసే చక్రం) అనేది గురువు అభిషేకం, అంటే దీక్ష, ఇచ్చాకే శిష్యుడికి చెప్పేవాడు. పండితులూ మాంత్రికులూ ఒకరే అయిన మనుషులు అంటే వీళ్ళే. కానీ వీళ్ళ విద్య లోకాన్ని పేల్చేది కాదు, మనిషి తన భయాన్నీ కోపాన్నీ దాటడానికి పెట్టుకున్న సాధన, ఆ గ్రంథాలు చాలావరకు నేపాల్‌లో, టిబెట్‌లో మిగిలాయి, ఇవాళ అచ్చులో దొరుకుతాయి.

రామతీర్థం కొండల్లో కూడా అంతే, గురుభక్తుల కొండ మీద బౌద్ధ విహారాలు, పక్క కొండల మీద జైనుల ఆనవాళ్ళు, పదకొండో శతాబ్దపు తూర్పు చాళుక్య రాజు విమలాదిత్యుడి కాలంలో త్రికాలయోగి సిద్ధాంతదేవుడు అనే జైన ఆచార్యుడు వచ్చి ఆ కొండకి మొక్కినట్టు శాసనం ఉంది. వీళ్ళూ తమ పేర్లు దాచుకోలేదు, రాతి మీదే పెట్టారు.

ఇంతకీ శాలిహుండాన్ని 1919లో లోకానికి చూపించింది ఎవరో తెలుసా, మన గిడుగు రామమూర్తి పంతులుగారు. వాడుకభాష కోసం 'తెలుగు' అని పత్రిక పెట్టిందీ ఆ ఏడాదే. ముఖలింగం శాసనాలు చదవడం సొంతంగా నేర్చుకున్నారు, సవరలనే గిరిజనుల భాష నేర్చుకుని వాళ్ళ పిల్లలకి వాళ్ళ భాషలోనే చదువు చెప్పించారు, 1931లో సవర భాషకి వ్యాకరణం, 1938లో నిఘంటువు తెచ్చారు. పండితుల దగ్గరే ఆగిపోయిన భాషని జనానికి తెరవాలని అంత వయసులో కొట్లాడిన మనిషి, ఆయన వెలికితీసిన కొండకే ఈ రహస్య పుస్తకాల కథ అంటగట్టడం నాకు అస్సలు మింగుడుపడదు.

కథ వల్ల నష్టం ఏంటి అంటే రెండు రకాలుగా ఉంది. ఒకటి గుప్తనిధుల పిచ్చి. స్తూపం గర్భంలో ఉండేది ధాతువు, అంటే ఎముక ముక్కో బూడిదో, ఒక చిన్న పేటికలో, మహా అయితే పక్కన నాలుగు పూసలో బంగారు రేకు పూలో. దానికోసం రాత్రిపూట గునపాలేసుకుని తవ్వితే పోయేది ఇటుకల వరస, ఏ పొర ఏ కాలానిదో చెప్పే ఆధారం అదే, ఒకసారి చెదిరితే ఎవడూ మళ్ళీ పేర్చలేడు. రెండోది చిల్లంగి, అంటే చేతబడి. ఏజెన్సీలోనూ పక్క ఊళ్ళలోనూ ఎవరికైనా జబ్బు చేస్తే "చిల్లంగి పెట్టాడు" అని ఒక ముసలాయన మీదో ఒంటరి ఆడమనిషి మీదో పడతారు, కొట్టి చంపిన సందర్భాలు కూడా మన ఉత్తరాంధ్రలో ఉన్నాయి. ఎవడి దగ్గరో చంపే విద్య దాగి ఉందనే నమ్మకం సినిమాలో ఒకలా ఉంటుంది, ఊళ్ళో ఇంకోలా ఉంటుంది. పక్కన ఒడిశాలో ఇలాంటి దాడుల మీద 2013లోనే ప్రత్యేకంగా చట్టం తెచ్చారు.

మన దగ్గర పొలంలోనో కొండమీదో పాత నాణెమో రాతి పేటికో బయటపడితే దాచుకోవద్దు, 1878 నాటి నిధుల చట్టం ప్రకారం పది రూపాయల విలువ దాటిన ఏ నిధి దొరికినా కలెక్టర్‌కి చెప్పాల్సిందే, ముందు మీ తహసీల్దార్ (ఎమ్మార్వో) ఆఫీసుకి కబురు చెయ్యండి. ఎక్కడ, ఎంత లోతులో దొరికిందో ఫోన్లో ఫొటో తీసి పెట్టండి, వస్తువుని మాత్రం కడగొద్దు, కదపొద్దు.